మామ్మగారి చలివేంద్రం

మా పక్కింటి మామ్మగారు పోయారు. మొన్న బుధవారం తెల్లవారుజామున, నిద్రలోనే. నేను వాకింగ్ నుంచి తిరిగొస్తుంటే పటమట సెంటర్లో ఆటో నడిపే ఆయన ఆ కబురు చెప్పాడు. "మీ చలివేంద్రంలో పనిచేసే మామ్మగారు పోయారంటగదండీ, పాపం" అన్నాడు. పక్కింటి మనిషి పోయిన సంగతి దారిలో తెలియడం ఒక సిగ్గు. ఆయన అన్న మాటలో అంతకంటే పెద్ద సిగ్గుంది. అది ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆ చలివేంద్రం నాది కాదు. ఆవిడది.

ఏటా ఎండలు ముదిరేసరికి మామ్మగారు తమ గేటు పక్కన, బస్సులు ఆగే చోట, ఇసుక పోసి మూడు కుండలు పెట్టేవారు. తడిగుడ్డ చుట్టి, నీళ్లలో వట్టివేళ్లు వేసేవారు. ఎవరూ అడిగేదాకా ఆగేవారు కాదు. "అడగడానికి మొహమాటపడి ఎల్లిపోతారు అబ్బాయీ" అంటూ ఎదురెళ్లి ఇచ్చేవారు. ఒకసారి హనుమాన్ జంక్షన్ బస్సు కిటికీలోంచి గ్లాసు అందిస్తే, బస్సు గ్లాసుతో సహా వెళ్లిపోయింది. "పోన్లే, ఆ ఊళ్లోనూ దాహం వేసిద్దిగా" అన్నారు.

నేనేమో కాలనీ యోగా క్లాసులో ఆదివారాలు కర్మయోగం గురించి చెప్పేవాణ్ణి. ఫలం మీద ఆశ లేకుండా పని చెయ్యడమే సాధన అని గొంతు సవరించుకుని మరీ చెప్పేవాణ్ణి. ఆవిడ చర్చికి వెళ్లే మనిషి. కర్మయోగం అన్న మాట నా నోటే విన్నారు. ఉపన్యాసంలోకి పనికొస్తుందని ఓసారి "రోజుకి ఎంతమంది తాగుతారండీ?" అని అడిగాను. "తాగేవాళ్లని లెక్కెడితే దిష్టి తగులుద్ది" అని నవ్వేశారు.

పోయినేడు వేసవిలో నా బుద్ధి గడ్డి తింది. క్లాసు తరఫున ఇంకో రెండు కుండలు కొని, పైన ఒక ఫ్లెక్సీ కట్టించాను. దాని మీద చేతులు జోడించిన నా ఫొటో, కింద 'నిష్కామ సేవ' అని బారెడు అక్షరాలు. మామ్మగారు ఎగాదిగా చూసి, "నీడొచ్చిందిలే అబ్బాయీ, కుండలు చల్లగా ఉంటాయి" అన్నారు.

ఆ వారమే క్లాసుకి అతిథిగా వచ్చిన ఒక పెద్దాయనకి చలివేంద్రం చూపించాను. ఆయన నీళ్లు తాగి, "బాగుందండీ. మనిషిని పెట్టారా?" అన్నారు. మామ్మగారు రెండడుగుల దూరంలో గ్లాసు కడుగుతున్నారు. నేను తల ఊపాను. ఆవిడ విన్నారు, చూశారు కూడా. గ్లాసు నింపుకొచ్చి, "ఇంకో గ్లాసు తాగుతారా అండీ?" అని ఆయన్ని అడిగారు. అంతే. ఆ సాయంత్రం క్లాసులో నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

తప్పయిందని చెప్పాలని ఆ తరవాత ఎన్నోసార్లు గేటు దాకా వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే గ్లాసు చేతిలో పెట్టేవారు. తాగేసి వచ్చేసేవాణ్ణి. ఏడాది అలాగే గడిపాను. ఇప్పుడు చెబుదామంటే వినడానికి ఆవిడ లేరు.

సమాధి దగ్గర పిడికెడు మట్టి వేసి వస్తుంటే ఆటో ఆయన కనిపించాడు. "ఆవిడ పనిమనిషి కాదండీ. చలివేంద్రం ఆవిడదే" అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, "మరి ఫ్లెక్సీలో బొమ్మ మీదేగదండీ?" అన్నాడు.

నిన్న పొద్దున ఫ్లెక్సీ విప్పి, తిరగేసి, తెల్లవైపు బయటికి ఉండేలా కట్టాను. నీడ మాత్రం ఉంచాను. కుండలు నింపి, గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. బస్సు దిగిన ఒకామె గటగటా తాగి, గ్లాసు నా చేతికిచ్చి, నా మొహం వంకైనా చూడకుండా వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఆమె సందు మలుపు తిరిగేదాకా అటే చూస్తూ ఉండిపోయాను. నేనిటు తిరిగేసరికి, కుండల దగ్గర అడగలేక నిలబడ్డ ముసలాయనెవరో ఎండలో నడిచి వెళ్లిపోతున్నాడు.