అక్కకు చెప్పని స్కానింగ్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎడమవైపు తీసేసి, పొట్ట దగ్గరి కొవ్వు తెచ్చి మళ్లీ రొమ్ము కట్టారు. బయట మాత్రం గర్భసంచి ఆపరేషన్ అని చెప్పుకున్నాం. రెండేళ్లకు, కట్టిన చోట చిన్న గడ్డ చేతికి తగిలింది. విజయవాడ తీసుకెళ్లాను. అక్క తెర వెనక జాకెట్ హుక్కులు పెట్టుకుంటుంటే డాక్టరుగారు చీటీ నా చేతికిచ్చారు.

"కొవ్వు గట్టిపడి ఉండొచ్చమ్మా. కానీ చేత్తో చూసి చెప్పలేం. ఈ వారమే స్కానింగ్ చేయించండి."

అప్పుడే మా అమ్మాయికి చల్లపల్లి సంబంధం కుదిరింది. స్కానింగ్ సెంటర్లో గంటసేపు కూర్చుంటే కృష్ణా జిల్లాలో సగంమంది కనబడతారు. పెళ్లికూతురి పెద్దమ్మకు క్యాన్సరట అని పెళ్లివారి చెవిన పడితే? చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేశాను.

"ఏమన్నారే?" అంది అక్క, మెట్లు దిగుతూ.

"కొవ్వేనంట అక్కా. స్కానింగూ గీనింగూ ఏం అక్కర్లేదన్నారు."

"హమ్మయ్య! నువ్వు పక్కనుండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే హడలి చచ్చేదాన్నే."

ముహూర్తం ఐదు నెలల తర్వాత. వారానికోసారి ఫోన్ చేసి గడ్డ పెరిగిందా అని అడిగేదాన్ని. నా ప్రేమకు అక్క మురిసిపోయేది. పెళ్లిలో ఆమె తలంబ్రాలు కలుపుతుంటే నా చూపు ఆ ఎడమవైపే పోయింది. నిజంగా క్యాన్సరే అయితే ఏం చేద్దామనుకున్నాను? కూతురి పెళ్లి కోసం తోబుట్టువు ప్రాణాన్ని పణంగా పెట్టిన మనిషిని ఏమంటారు?

పదహారు రోజుల పండగ అయిన మర్నాడే అక్కను స్కానింగ్‌కు లాక్కెళ్లాను. సూది పరీక్ష కూడా చేశారు. క్యాన్సర్ కాదు, గట్టిపడిన కొవ్వే. వరండాలోనే భోరున ఏడ్చాను. డాక్టరుగారు ముందే చెప్పారుగా పిచ్చిదానా అని అక్క నా వీపు నిమిరింది.

అక్క అదృష్టం బాగుంది, అంతే. అందులో నా మంచితనం ఇసుమంతైనా లేదు.

ఇప్పుడు చెకప్‌కి వెళ్తే, అక్క తెర వెనక నుంచి వచ్చేదాకా డాక్టరుగారిని నోరు విప్పనివ్వను. చాదస్తం అని నవ్వుతుంది. నవ్వనీ.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది అక్క, ఆమెకింకా చెప్పలేదు. కానీ నిజం ఒక్కసారైనా నాలోంచి బయటపడింది.

హమ్మయ్య.