హారనక్క ఆపిన బస్సు

డిపోలో అందరూ ఆమెను హారనక్క అంటారు. బస్సు హారను చెడిపోయినా ఆమె గొంతు ఉంటే చాలని మెకానిక్ ఎప్పుడో అన్న మాట అలా అతుక్కుపోయింది. కొండదారిలో బస్సు నడపడం మాటలు కాదు. ఒక పక్క లోయ, ఇంకో పక్క ఎదురొచ్చే లారీలు. ఆ రూటు ఇస్తామంటే మగ డ్రైవర్లు సైతం నడుంనొప్పి వంకతో మెల్లగా జారుకునేవారు. హారనక్క మాత్రం అడిగి మరీ తీసుకుంది. స్టీరింగు చేతిలో ఉంటే ఆమెకి ఎవరి మాటా చెవికెక్కేది కాదు, కట్టుకున్నవాడి మాటతో సహా.

అలాంటి మనిషిని నువ్వుగింజంత పురుగు పడగొట్టింది. ఓ సెలవురోజున చెల్లెలి తోటలో గడ్డి కోస్తుంటే మోకాలి వెనక పిడుదు కరిచింది. కుక్కల చెవులు పట్టుకుని రక్తం తాగుతుందే, ఆ జాతిదే. కొన్నాళ్ళకి అక్కడ ఎర్రటి మచ్చ గుండ్రంగా పాకింది. ఇంకొకరైతే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవారు. ఈవిడ డ్రైవరు కదా! సీటు అంచు ఒరుసుకుని కందిందనుకుంది. దుప్పటి మడతపెట్టి సీటు మీద వేసుకుని, సమస్య తీరిందని సంబరపడింది.

మచ్చ పోయింది, జబ్బు మిగిలింది. ముందు జ్వరం, తర్వాత కీళ్ళనొప్పులు, ఆ తర్వాత మూత్రం బాధ. వెళ్ళొచ్చి కూర్చోగానే మళ్ళీ వెళ్ళాలనిపించేది. వచ్చిందంటే ఒక్క క్షణం ఆగేది కాదు. మూత్రపరీక్షల్లో ఇన్ఫెక్షన్ ఏమీ లేదనేవారు. చివరికి ఒక డాక్టరమ్మ తరిచి తరిచి అడిగి ఆ మచ్చ సంగతి రాబట్టింది. రక్తపరీక్ష చేయించి, అది పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బని తేల్చింది. మందులకి జ్వరం, నొప్పులు లొంగాయి. ఆ జబ్బు దెబ్బతీసిన మూత్రాశయపు నరాలు మాత్రం ఓ పట్టాన కుదుటపడలేదు.

డ్రైవర్లకి ఓ పాత అలవాటుంది, డ్యూటీ ఎక్కేముందు నీళ్ళు ముట్టరు. హారనక్క దాన్ని ఇంకా బిగించి, నాలుక పిడచకట్టుకుపోయినా గుక్కెడు తాగేది కాదు. అయినా లాభం లేకపోయింది. సగం దారిలో మార్కెట్ స్టాపు రాగానే "టైరు చూసొస్తా" అని దిగి, బస్సు వెనకనుంచి చుట్టుతిరిగి మరుగుదొడ్డికి పరిగెత్తేది. రోజూ అదే టైరు! కొండదారిలో టైరు మాట వింటే ఎవరికి గుండె జారదు? ప్రయాణికులు ఫిర్యాదు చేశారు. మెకానిక్ తట్టి చూశాడు, తన్ని చూశాడు, ఎందుకొచ్చిన గొడవని వెనక టైర్లు మార్చేశాడు. మర్నాడు ఆ కొత్త టైర్లు చూడడానికీ ఆవిడ దిగింది.

సూపర్‌వైజరు పిలిపించాడు.

"టైర్లు కొత్తవి. మరి నీ బాధేంటమ్మా?"

అంత గొంతున్న మనిషీ నీళ్ళు నమిలింది. ఇక దాచి లాభం లేదని, గోడకేసి చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన చెడ్డవాడు కాదు. "అయ్యో, ముందే చెప్పొద్దూ! టికెట్ కౌంటర్లో కూర్చో. బాత్‌రూమ్ పక్కనే ఉంటుంది, జీతమూ తగ్గదు" అన్నాడు. దయతో అన్న మాట కాబట్టే ఆమెకి ఇంకా గుచ్చుకుంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది.

"నెల్రోజులు సెలవివ్వండి సార్. తర్వాత మీరే నా బండెక్కి చూడండి. మార్కెట్ దగ్గర రెండు నిమిషాలు ఆపుతా, మిగతా దారి నా పూచీ. నావల్ల కాదనిపిస్తే మీరు చెప్పినట్టే కౌంటర్లో కూర్చుంటా."

ఇంట్లో మొగుడు బట్టలు కుడుతూ, "కౌంటరైతే హాయిగా ఉంటుంది కదే" అన్నాడు.

"అంత హాయైతే నువ్వెళ్ళి కూర్చో!"

ఆయన మళ్ళీ మిషను తొక్కుకున్నాడు.

నీళ్ళు మానేసిన సంగతి వినగానే డాక్టరమ్మ తల పట్టుకుంది. "నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి తొందరని ఇంకా రేపుతుందమ్మా. కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. టైము పెట్టుకుని వెళ్ళండి, ఆ టైము మెల్లగా పెంచుకుంటూ పోదాం. మధ్యలో తొందరపెడితే పరిగెత్తొద్దు. కదలకుండా కింది కండరాలు బిగించి వదలండి, అదే తగ్గుతుంది."

"అంటే, దారిలో చెయ్యెత్తిన ప్రతివాడికీ బండి ఆపకూడదు. స్టాపు వస్తేనే ఆపాలి. అంతేనా?"

"అంతే!" అని డాక్టరమ్మ నవ్వింది.

ఆ లెక్క అర్థమయ్యాక హారనక్కకి ధైర్యం వచ్చింది. మొదట్లో రెండుమూడుసార్లు చీర తడిసింది, ఏడ్చింది కూడా. ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్ళీ మొదలుపెట్టింది. నెల గడిచేసరికి డిపో నుంచి మార్కెట్ దాకా బస్సుకి పట్టేంతసేపు ఆపుకోగలిగింది.

మళ్ళీ డ్యూటీ ఎక్కిన రోజు, మాట ప్రకారం సూపర్‌వైజరు ముందు సీట్లో కూర్చున్నాడు. సరిగ్గా ఆ రోజే వంతెన మీద లారీ అడ్డంగా ఆగిపోయింది. అటు కదల్లేదు, ఇటు కదల్లేదు. పొత్తికడుపులో తొందర మొదలైంది. ఆమె హ్యాండ్‌బ్రేక్ వేసి, రెండు పాదాలూ నేలకి ఆనించి, కండరాలు బిగించి వదిలింది. చెమట పట్టింది. చెయ్యెత్తావులే, స్టాపు దాకా ఆగు అని దాన్ని లోపలే గదమాయించింది. లారీ కదిలేలోపే ఆ తొందర దానంతటదే సద్దుమణిగింది.

మార్కెట్ దగ్గర బస్సు ఆపింది. టైరు మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, సీట్లోంచి లేచి వెనక్కి తిరిగింది.

"అమ్మా, అయ్యా! నాకు మూత్రం జబ్బుంది. నరాల వల్ల వచ్చింది. రెండు నిమిషాల్లో వెళ్ళొస్తా. టైర్లు బంగారంలా ఉన్నాయి, భయపడకండి. మీలో ఎవరికైనా అవసరమైతే దిగండి, వదిలేసి వెళ్ళను."

ఆమె తల దించుకోకుండానే దిగింది.

బయటికొచ్చేసరికి మరుగుదొడ్డి ముందు సగం బస్సు వరసకట్టి ఉంది. కర్ర ఊతంగా నిలబడిన ఒక పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఈ బస్సెక్కాలంటే ముందురోజు నుంచే నీళ్ళు మానేస్తానమ్మా. ఆపమని అడగాలంటే సిగ్గేసి చచ్చేదాన్ని."

హారనక్క కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళూ తనొక్కతే అనుకుంది.

మగవాళ్ళ వరసలో అందరికంటే చివర, ఎటో చూస్తున్నట్టు నటిస్తూ సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. అందరూ ఎక్కేశాక ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రెండు నిమిషాలు ఏం చాలుతాయమ్మా?" అన్నాడు. "ఇక్కడ పది నిమిషాలు ఆపు. టైం టేబుల్లో నేను పెట్టిస్తాను."