ఓడిపోయే టీమ్‌కి ఉన్న ఒక్క మనిషి

నిన్న, శుక్రవారం, పొద్దున ఏడు గంటలకు ఫోన్ మోగింది.

స్క్రీన్ మీద మామ పేరు.

ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మన టీమ్ ఓడిన ప్రతిసారీ మామ మర్నాడు నాకు ఫోన్ చేసి అరగంట ఏడ్చేవాడు. ఈ వారం చేయలేదు. నాలో నేనే భయపడుతూ ఉన్నాను.

అందుకే ఫోన్ ఎత్తగానే నవ్వుతూ, "ఏం మామా, ఈ ఆదివారం ఓడిపోయేదానికి నేను కూడా రావల్లనా?" అన్నాను.

అవతల మామ కాదు. అత్త.

"పాపా... మీ మామ పోయినాడు."

వేలూరు బస్టాండులో ఉన్నాను. కాలేజీ బస్సు వచ్చి వెళ్ళిపోయింది. మా ఊరి మీదుగా పోయే గుడియాత్తం బస్సెక్కాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

కాలేజీ ఫ్రెండ్స్ కోసం చెబుతున్నాను. మామ మా అమ్మకు అన్న. సెంట్రింగ్ మేస్త్రీ. నేను పుట్టకముందు నుంచీ మా వీధి క్రికెట్ టీమ్‌కి ఫ్యాన్. తను మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బ్యాట్ ఇస్తే గునపం పట్టుకున్నట్టు పట్టుకునేవాడు.

(మనవాళ్ళలో తమిళ బడుల్లో చదివి తెలుగు చదవడం రానివాళ్ళకు ఇదే వాయిస్ నోట్‌గా పెడతాను. ఏడవకుండా చదవగలిగితే.)

మ్యాచ్‌లు జరిగే పాలారు ఏటి ఇసుకలో, నెత్తిన తడి తువ్వాలు వేసుకుని కూర్చునేవాడు. తొమ్మిది వికెట్లు పడినా లేచేవాడు కాదు. ఒకసారి ఎండ తట్టుకోలేక, "పోదాం రా మామా, ఎట్లాగూ ఓడిపోతాం" అన్నాను.

"స్లాబు పోసేటప్పుడు సగంలో నిలిపేసి పోతే ఏమవుతాది పాపా? అతుకు పడి వాన నీళ్ళు కారతాయి. మ్యాచ్ కూడా అంతే. కూచో."

కూర్చున్నాను. ఓడిపోయాం.

ఈ సీజన్ మరీ ఘోరం. బాగా ఆడే వాళ్ళంతా ఆంబూరు షూ ఫ్యాక్టరీల్లో చేరారు. ఆదివారం కూడా డ్యూటీ. లెక్కకు పదకొండు మంది మిగిలారు, అంతే.

మొదటి మ్యాచ్ ఓడినప్పుడు మామ అందరినీ తిట్టాడు. రెండోది ఓడినప్పుడు అంపైర్‌ని తిట్టాడు.

మూడో మ్యాచ్‌కి దిష్టిబొమ్మ తెచ్చాడు.

కట్టే ఇంటి ముందు వేలాడదీస్తామే, కోరలూ మీసాలూ ఉండే బొమ్మ, అదే. "ఇంత పెద్ద బిల్డింగులకే పని చేస్తాది, పదకొండు మందికి చెయ్యదా?" అంటూ సరుగుడు కొయ్య నాటి దానికి కట్టాడు. ఎక్కడ? సరిగ్గా బౌలర్ వెనకాల.

అవతలి టీమ్ బౌలింగ్. మన ఓపెనర్ సెల్వం బంతి కోసం చూస్తే గాలికి ఊగుతూ బొమ్మ కనిపించింది. మొదటి బంతికే బౌల్డ్.

వాడు బ్యాట్ ఈడ్చుకుంటూ వచ్చి, "మేస్త్రీ, దిష్టి మనకే తగిలించినావు గదప్పా!" అన్నాడు.

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఈ సీజన్‌లో మామ నవ్వడం అదే ఆఖరు.

తర్వాత తిట్టడం మానేశాడు. కారణాలు చెప్పడం మానేశాడు. పోయిన ఆదివారం ఓడిపోయాక తువ్వాలు దులుపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచి వెళ్ళాడట.

తిట్టే మనిషికి ఇంకా ఆశ ఉందని అర్థం. ఈ సంగతి నాకు ఇప్పుడు తెలిసి ఏం లాభం?

నిన్న సాయంత్రం పాడె మోసింది టీమ్ పిల్లలే. అత్త వాళ్ళ ముఖం చూడలేదు. "ఆ ఆటే తినేసింది ఆయన్ని" అని పొద్దుటి నుంచీ అంటూనే ఉంది.

కొరివి పెట్టింది మామ కొడుకు కుమార్. మన టీమ్‌కి మిగిలిన ఒకే ఒక్క మంచి బౌలర్ వాడు. పదహారు రోజులు వాడు గ్రౌండ్ వైపు పోకూడదని పెద్దవాళ్ళు చెప్పేశారు.

రేపే సీజన్‌లో ఆఖరి మ్యాచ్. ఆటకు పోకపోతే లీగ్‌లో మన టీమ్ పేరు కొట్టేస్తారు.

ఇందాక సెల్వం వచ్చి అత్త వాళ్ళ గడప బయటే నిలబడ్డాడు. కెప్టెన్ కూడా వాడే.

"అక్కా, రేపు మేము పోవడం లే. టీమే ఎత్తేస్తాం. చూసేదానికి ఇంక ఎవరుండారు?"

అత్త ఒక్కసారిగా లేచింది.

"ఎత్తేస్తారా? ఇన్నేండ్లు ఆదివారం వస్తే నాకు మొగుడు లేడు. మీకు ఇచ్చేసినాను. మీరు ఒక పూట ఎండకు నిలబడలేరా?"

"పదిమందితో ఎట్లక్కా? ఓడిపోతాం."

"ఏం, పదకొండు మందితో గెలిచినారా? పోండి. మా ఇంట్లో పొయ్యి ఎలిగించకూడదు. పక్కింట్లో ఇడ్లీలు ఉడకేసిస్తారు, పాప తెచ్చిస్తాది. ఉత్త కడుపుతో ఓడిపోవద్దండి."

సెల్వం గడప మీద కూలబడి ఏడ్చేశాడు.

నాకు ఇందులో ఓదార్పు ఏమీ కనిపించడం లేదు. పదిమంది ఆడతారు. ఓడిపోతారు. వచ్చే సీజన్‌కి ఎంతమంది మిగులుతారో తెలియదు. వాళ్ళను తిట్టడానికి ఒక్క మనిషి ఉండేవాడు. ఇప్పుడు అతను కూడా లేడు.

పోయిరా మామా. ఏ స్కోరూ గుర్తురానంత హాయిగా పడుకో.

రేపు పొద్దున ఆరుకు కుమార్ వాళ్ళు మూడో రోజు పాలు పోయడానికి శ్మశానానికి వెళతారు. నేను ఏడుకల్లా పక్కింట్లో ఇడ్లీలు తీసుకుని టీమ్ వ్యాన్ ఎక్కాలి. పదిమందికే కట్టించాలి.