ఏడో మెట్టు అరవదు

అతన్ని అందరూ పాతిళ్లాయన అనేవారు. చేసేది వడ్రంగమే. కానీ కొత్త ఇంటికి కిటికీ చెయ్యమంటే ఒక మనిషి, పాత ఇంటి తలుపు సరిచెయ్యమంటే మరో మనిషి. పాత గుమ్మం కనబడితే చాలు, అరచేత్తో నిమిరేవాడు, ముక్కు ఆనించి వాసన చూసేవాడు, దాన్ని చెక్కిన మహానుభావుడెవరో ఎదురుగా నిలబడ్డట్టు తల వంచేవాడు. ఇంట్లో ఉలులే నలభై రెండు. "మనుషులకి కాళ్లు చాపుకునే చోటు లేదు గానీ, ఈ ఉలులకి మాత్రం తలా ఒక గది," అని భార్య దెప్పేది. దెప్పుతూనే, తుప్పు పట్టకుండా వాటికి నూనె రాసేది కూడా ఆవిడే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నర్సమ్మ దగ్గర్నుంచి కబురొస్తే వెళ్లాడు. ఆవిడ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసి ఇంటిపట్టున ఉంటోంది. నూరేళ్లు దాటిన మేడ ఇల్లు. లోపల పదమూడు చెక్క మెట్లు.

"మా అమ్మాయి నెలల పిల్లాడితో పైగదిలో ఉందయ్యా," అంది నర్సమ్మ. "మెట్టు మీద కాలు పెడితే అది కీచుమంటుంది, పైన వాడు కేరుమంటాడు. కింద పడుకోబెడదామంటే, ఈ వీధి రొదకి వాడు రెప్ప వేస్తే ఒట్టు. అమ్మాయికి కంటి మీద కునుకు లేదు. సోమవారం ఇనప మెట్లాయన వచ్చి వీటిని పీకేస్తానన్నాడు. చెక్క నీకేమైనా పనికొస్తే పట్టుకుపో."

పాతిళ్లాయన మెట్టు మీద అరచెయ్యి వేసి నిమిరాడు. మెట్ల కిందికి దూరి చూశాడు. ఎక్కడా మేకన్నది లేదు! రెండు పక్కలా నిలువెత్తు టేకు పలకలు, వాటిలో తొలిచిన గాడులు, గాడుల్లోకి దూర్చిన మెట్లు. అంతే.

"అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను. సోమవారం పొద్దున దాకా నాకొదిలెయ్యండి."

"లేలే, కాళ్లెందుకయ్యా పట్టుకోవడం, అవసలే నొప్పులు," అని నవ్వింది నర్సమ్మ. "సరే, నీ ముచ్చట నేనెందుకు కాదనాలి. కానీ ఒక్క మాట. సోమవారం ఒక్క మెట్టు కిక్కురుమన్నా ఇనపవే వేయిస్తాను. నాకు నీ టేకు కన్నా నా కూతురి నిద్ర ముఖ్యం."

శనివారం తెల్లారేసరికి అతను అక్కడున్నాడు. పని మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకుని క్షణం నిలబడటం అతని అలవాటు. దేవుణ్ణి ఏమీ అడిగేవాడు కాదు, చేతికి పని దొరికినందుకు దణ్ణం పెట్టుకునేవాడు. తల్లీబిడ్డలు రెండ్రోజులకని కింది గదిలోకి దిగారు. అతను మెట్లెక్కాడు, దిగాడు. మళ్లీ ఎక్కాడు. ఒక్కో మెట్టుదీ ఒక్కో గొంతు. ఒకటి పిల్లిలా, ఒకటి ముసలి తలుపులా, పదోదైతే అచ్చం అలిగిన అత్తగారిలా. ఏడో మెట్టు మీద ఆగిపోయాడు. మడమతో తొక్కాడు. గెంతాడు. ఊహూఁ.

"అమ్మా! ఏడోది అరవదేం?"

"అదొక్కటే మంచిది నాయనా, ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను," అంటూ నర్సమ్మ టీ గ్లాసు అతనికి అందే మెట్టు మీద పెట్టి వెళ్లింది.

పన్నెండు చెడి ఒకటి బాగుండటం ఏమిటి? అతను వెనకనుంచి మెట్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. ప్రతి మెట్టు అడుగునా ఉలితో కొట్టిన గాట్లు! కింది మెట్టుకి ఒకటి, దానిపైదానికి రెండు, అలా పై మెట్టుకి పదమూడు. వరస సరిగ్గానే ఉంది. మరి ఏడోది తప్ప ప్రతి గాడిలోనూ ఏదో ఒక మూల వెంట్రుకవాసి వదులెందుకు? ఆ వదులు పూడ్చడానికి ఎవరో సన్నని చెక్క చీలికలు దూర్చారు. ఒకటి లాగి చూశాడు. దాని మూల, వేళ్లతో పట్టుకోవడానికి వీలుగా, వాలుగా కోసి ఉంది. అలా కోసే చెయ్యి అతనికి తెలుసు. మామగారిది. అతనికి రంపం పట్టడం నేర్పిన చెయ్యి.

మనసు చివుక్కుమన్నా ఉలి ఆగలేదు. పై గాడి పక్కన రంగు గీకాడు. పచ్చరంగు, దాని కింద నీలం, దాని కింద తెలుపు. తెలుపు కింద ఒక గాటు. ఒకే ఒక్కటి! గబగబా నిచ్చెన దిగి అట్టడుగు గాడి దగ్గర గీకాడు. పదమూడు!

"అయ్య బాబోయ్! ఆయన పైనుంచి లెక్కపెట్టాడమ్మా!" అని అరిచాడు. కింది గదిలో పిల్లాడు కేరుమన్నాడు. నాలుక కరుచుకుని, గుసగుసగా చెప్పాడు. "ఈ మెట్లు కట్టినాయన మేడ దూలం నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ అమర్చాడు. ఆయన ఒకటోది పైది. తర్వాత ఎవరో విప్పి, కిందినుంచి లెక్కపెట్టి బిగించారు. మొత్తం తలకిందులు. ఎటునుంచి లెక్కపెట్టినా ఏడోది ఏడోదే కదా, అందుకే దాని చోటు మారలేదు!"

"ఎవరా ఎవరో?" అంది నర్సమ్మ.

"ఎవరో పాపం," అన్నాడు చీలిక జేబులో వేసుకుంటూ.

భోజనానికి ఇంటికెళ్లి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఇంటికి ఆనుకున్న వడ్రంగి కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకున్న మామగారు కాసేపు చూశారు.

"ఏం అల్లుడూ, నర్సమ్మగారి మెట్లు మింగుడు పడటం లేదా? నలభై ఏళ్ల కిందట, పై దూలం మార్చినప్పుడు వాటిని విప్పి బిగించింది నేనే."

"బాగానే బిగించారు మామయ్యా. చెక్క పాతబడింది, అంతే."

"టేకు పాతబడితే అరుస్తుందని నీకు నేనెప్పుడు నేర్పాను? ఏదీ, నా చీలిక?" అని చెయ్యి చాపారు. అల్లుడు చీలిక ఆ చేతిలో పెట్టి, గాట్ల సంగతి చెప్పాడు. ముసలాయన చీలికను అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని అల్లుడు లేవబోయాడు. ఆయన పగలబడి నవ్వుతున్నారు.

"మెట్లెక్కేవాడికి ఒకటోది కిందదేగా అనుకున్నానురా! కట్టేవాడి వైపునుంచి ఆలోచించలేదు. బిగించాక అరుస్తుంటే రంగు గీకి చూడాల్సింది పోయి చీలికలు దూర్చాను. పద, చెప్పులు అందుకో. నా తప్పు నేనే చెప్పుకోవాలి."

నర్సమ్మ ఎదుట ఆయన చేతులు జోడించి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆవిడ కుర్చీ తెచ్చి మెట్ల పక్కనే వేసింది. "అయితే ఇక్కడ కూర్చుని మీ అల్లుడి లెక్క తప్పకుండా చూడండి," అంది.

ఆదివారం ఇంకో చిక్కొచ్చింది. మెట్లు తీసేసరికి పక్క పలకలు కాస్త విచ్చుకున్నాయి, ఎంత నొక్కినా దగ్గరికి రావు. అప్పుడే ఇనప మెట్లాయన ఒకసారి చూసిపోదామని వచ్చాడు. బేరం చెయ్యి జారుతోందని ఆయనకు అర్థమైంది. పలకల వంక చూశాడు, ముసలాయన వంక చూశాడు. వెళ్లి, తన కొట్లోంచి పలకల్ని దగ్గరికి నొక్కి బిగించే నిలువెత్తు క్లాంపులు రెండు మోసుకొచ్చాడు.

"మీరెందుకు సాయం చేస్తున్నారండీ?" అన్నాడు పాతిళ్లాయన బిడియంగా.

"నాదీ చేతిపనేగా బాబూ. ఇంత సొగసైనదాన్ని పీకిన పాపం నాకెందుకు? పట్టు, బిగించు."

సాయంత్రానికి పదమూడు మెట్లూ ఎవరి గాడిలో వారు కూర్చున్నారు. ఒక్క చీలిక అవసరం పడలేదు. ఒక్కో మెట్టు గాడిలోకి జారి "టక్" మన్నప్పుడల్లా ముసలాయన కుర్చీలోంచి "శభాష్" అన్నారు. తల్లీబిడ్డలు పైకి చేరారు.

సోమవారం పొద్దున పైగదిలో పిల్లాడు నిద్రపోతున్నాడు. అందరిలోకీ బరువైన మనిషని ఇనప మెట్లాయన్నే ముందు ఎక్కమన్నారు. ఒకటి, రెండు, మూడు... పాతిళ్లాయన వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. పదోది. పదమూడు. పైకెళ్లిన మనిషి రెండు చేతులూ తిప్పి చూపాడు, ఏమీ లేదని. ఆ వెనకే నర్సమ్మ మోకాలు పట్టుకుని మెల్లగా ఎక్కింది.

పైనుంచి కూతురి గొంతు, గుసగుసగానే, ఉలిక్కిపడ్డట్టు వినిపించింది. "అమ్మా! ఎప్పుడొచ్చావే? దొంగలా వచ్చి నిలబడ్డావు, గుండె ఆగిపోయింది!"

కింద పాతిళ్లాయన అరవబోయాడు. మామగారు భుజం మీది తుండు తీసి అల్లుడి నోట్లో కుక్కారు.