అబిగయీలు రాసిన రీడింగులు

అబిగయీలుకు మీటరు చదవడం నేర్పింది ప్రేమలీలే. అంతకుముందు పదకొండేళ్ళు అబిగయీలు సముద్రం పక్క రొయ్యల కంపెనీలో తలలు తీసే షెడ్డులో పనిచేసింది. కంపెనీ వాడి వదిలేసిన నీళ్ళను శుద్ధిచేసే ప్లాంటుకు సూపర్‌వైజరుగా వచ్చిన ప్రేమలీల, ఒకరోజు ఐసునీళ్ళకు ఒరిసిపోయిన ఆమె వేళ్ళు చూసి, "పదో తరగతి చదివినావంట గదా మే, నా దగ్గరికి వచ్చేయ్" అని పిలుచుకుపోయింది.

ప్లాంటులో మురుగునీళ్ళు నిలవుండే పెద్ద గుంట, దానిమీద మందపాటి నల్ల షీటు. నీళ్ళు కుళ్ళితే పుట్టే మీథేను గ్యాసు ఆ షీటుకింద ఉబ్బి, గొట్టంలోంచి బాయిలరుకు పోయి మండుతుంది. ఎంత గ్యాసు పోయిందో గొట్టానికున్న మీటరు చూపిస్తుంది.

"ఈ గ్యాసు గాల్లో కలిసిందంటే పొగకంటే ఎన్నో రెట్లు వేడి పెంచుతుంది. సముద్రం పైకొస్తా ఉండేది ఆ వేడికే" అని చెప్పింది ప్రేమలీల.

అబిగయీలు పుట్టిన ఇల్లు ఎప్పుడో అలలపాలయింది. అందుకే ఆ మాట ఆమె మనసులో నాటుకుంది. రోజుకు మూడుసార్లు మీటరు చూసి, రాసి, సంతకం పెట్టేది. జ్వరమొచ్చినా మానలేదు.

రెండో ఏడు తుపానుగాలికి షీటు ఒక మూల చినిగింది. మీటరులో అంకె సగానికి పడిపోయింది.

"పైవాళ్ళకు చెప్పినా. నువ్వు చూసింది చూసినట్టు రాయి" అంది ప్రేమలీల.

తొమ్మిది నెలలు అలాగే రాసింది. షీటు మాత్రం ఎవరూ అతికించలేదు.

ఆ తరువాత, రొయ్యలు కొనే విదేశీ కంపెనీ తరఫున ఇద్దరు తనిఖీకి వచ్చారు. వాళ్ళలో ఒకావిడ అబిగయీలును ఆఫీసులోకి పిలిచి, "గ్యాసు బాగా పట్టి వాడుతున్నారే" అని మెచ్చుకుంటూ పుస్తకం చూపించింది. కొత్త పుస్తకం. ఏ రోజు చూసినా పెద్ద అంకెలే. ప్రతి పేజీ కింద అబిగయీలు సంతకం, చివర ఆమె తిప్పే సున్నాతో సహా.

"ఇవి నేను రాసినవి కాదు మేడమ్. నా బుక్కు వేరే ఉంది" అంటూ, అక్క చెబుతుందిలే అని ప్రేమలీల వైపు చూసింది.

ప్రేమలీల తలెత్తలేదు. "ఆమెకు అంకెలు సరిగ్గా రావండీ. అన్నీ తప్పులు రాస్తా ఉంటే నేనే తిరిగి రాయించినా" అంది.

అబిగయీలు ఆమెను ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. తరువాత, "రండి మేడమ్, మీరే చూద్దురు" అని వాళ్ళను గుంట దగ్గరికి తీసుకుపోయింది. చినిగిన మూలకు ఇంకా నాలుగడుగుల దూరం ఉండగానే ఆవిడ చేతిలోని, గ్యాసు పసిగట్టే పరికరం కుయ్యిమని మోగింది. ప్రేమలీల ఆఫీసులోంచి బయటికి రాలేదు.

రెండు నెలలకు కొత్త షీటు వేశారు. చదువు చాలదన్న సాకుతో అబిగయీలును మళ్ళీ షెడ్డుకు పంపారు. ప్రేమలీల కుర్చీ అక్కడే ఉంది.

ఒక సాయంత్రం కంపెనీ బస్సులో ప్రేమలీల వచ్చి పక్కన కూర్చుంది. "పైవాళ్ళు నా పీకమీద కూర్చున్నారు మే. నన్నేం చేయమంటావు?"

"భయపడి రాసినావంటే సరేననుకుంటా. నాకు అంకెలు రావని ఎట్లా అన్నావక్కా? నేర్పింది నువ్వే గదా."

దిగాల్సిన ఊరు చిల్లకూరు ఇంకా రాలేదు. అబిగయీలు డ్రైవరుకు చెప్పి బస్సు ఆపించుకుని, దిగి, వాలుతున్న ఎండలో రోడ్డు పక్కగా నడక మొదలుపెట్టింది.