చదవకుండానే ఏడ్చిన పేజీ

పెళ్లిచూపుల్లో పరువు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా, పరువుతోపాటు ఒక పసివాణ్ణి కూడా వరదలో ముంచేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఎలాగో చెబుతాను, మా ఆవిడ దగ్గర ఎత్తకండి.

ఆ రోజుల్లో నాకో పిచ్చి పట్టుకుంది. ఎంతసేపూ మనవాళ్లు రాసినవేనా, అన్ని జాతులవాళ్లనూ చదవాలని. పలాసలో మా జీడిపప్పు కొట్లో కూర్చుని ఒక ఆఫ్రికా నవల మొదలెట్టేవాణ్ణి. సగంలో దాన్నొదిలేసి సవరల కథలు అందుకునేవాణ్ణి. అవీ పూర్తికాకముందే జపాను వెళ్లిపోయేవాణ్ణి. అన్నీ తెలుగు అనువాదాలే. కుదురుగా ఒక్కటీ ముగించింది లేదు గానీ, కనబడిన ప్రతివాడికీ చెప్పుకోవడం మానలేదు.

అలాంటప్పుడు ఇచ్ఛాపురం సంబంధం వచ్చింది. ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబం. ఫొటోలో సుభద్రను చూసిన దగ్గర్నుంచి నాకు తిండి సయించలేదు. ఈ పిల్ల కాదంటే ఇక నా బతుకింతే అనిపించింది. రైల్లో కాలు ఆడిస్తూనే ఉన్నాను.

"కుదురుగా కూకోరా. అక్కడ పుస్తకాల గోల ఎత్తకు," అన్నాడు మావయ్య.

ఎత్తాను. పిల్ల తాతగారు "కొట్టు కట్టేసినాక ఏటి సేత్తుంటావు బాబూ?" అని అడిగారంతే.

"అన్ని జాతుల సాహిత్యం చదువుతానండి. అందులో ఒడియా అంటే ప్రాణం!"

మావయ్య నా కాలు తొక్కాడు గానీ, అప్పటికే మాట జారిపోయింది.

"అమ్మా సుభద్రా! ఓ మంచి పుస్తకం పట్రా. అబ్బాయి సదువుతాడు, ఇందాం."

సుభద్ర వచ్చి, పాత పేపరుతో అట్ట వేసిన పుస్తకం తెరిచి నా చేతిలో పెట్టింది. పేజీ నిండా గొడుగులేసుకున్న ఒడియా అక్షరాలు. నన్నెరిగినది ఒక్కటీ లేదు. అంకెలు కూడా వాళ్లవే! చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"మా మావయ్యకి ఒడియా రాదు కదండీ, భావం తెలుగులో చెబుతాను," అన్నాను. ఆ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి!

వరద వచ్చిందన్నాను. తల్లి చేతిలోంచి బిడ్డ జారిపోయాడన్నాను. ఎవరూ ఆపకపోయేసరికి ఊరంతా ముంచేశాను. నా మాటలకి నాకే జాలేసి నిజంగానే ఏడ్చాను. మావయ్య ముక్కు చీదాడు. తాతగారు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇక పిల్ల నాదే అనుకున్నాను.

సుభద్ర నెమ్మదిగా అడిగింది. "ఇంతకీ పాకం ఎప్పుడు పట్టాలండీ?"

"ఏ పాకం?"

"జీడిపప్పు పాకం. అది వంటల పుస్తకం. అందులో బిడ్డ ఎక్కడ మునిగాడా అని సూత్తన్నాను."

జీడిపప్పు అమ్ముకు బతికేవాణ్ణి, నా సరుకును నేనే గుర్తుపట్టలేకపోయాను!

"మరి... తాతగారు ఏడ్చారు కదా?" అన్నాను దీనంగా.

తాతగారు కండువా తీశారు. నవ్వి నవ్వి కళ్లు ఎర్రబడ్డాయి. "బిడ్డ పైకి తేలాడా లేదా, అది సెప్పు ముందు!"

లేచి పారిపోబోతుంటే సుభద్ర గుమ్మం దగ్గర ఆపింది. "అచ్చరాలు నేర్సుకుని రండి. ఆ పేజీ తప్పుల్లేకుండా సదివితే అప్పుడు సూద్దాం."

నేర్చుకున్నాను, చదివాను, పెళ్లయింది. అన్ని జాతుల సాహిత్యంలోనూ నేను మొదటినుంచి చివరిదాకా పూర్తిచేసిన పుస్తకం ఇప్పటికీ అదొక్కటే. అందుకే మా ఇంట్లో వంట నాది. ఇచ్ఛాపురం దిక్కుకు తిరిగి, గరిటె మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక ఏ జాతివారి పుస్తకమైనా సరే, చదివాకే ఏడుస్తాను. ఉల్లిపాయలు తరిగేటప్పుడు మాత్రం మినహాయింపు.