కుంటెద్దు బండి ముందర

మా నాయన తన పాత టాక్సీలో చివరిసారి కూర్చున్నది కార్ల క్లబ్బు వాళ్లతో గుత్తి కోటకు పోయిన రోజున. చూపు మందగించి ఆయన స్టీరింగు వదిలి అప్పటికే చాలా కాలమైంది. నడిపింది నేను. పాత బండ్లన్నీ వరుసగా పోతుంటే అందులో తన టాక్సీ కూడా ఉండాలని ఆయన ఆశ. ఆ ముచ్చట తీర్చడానికే నేను క్లబ్బులో చేరాను. లేకపోతే ఆ షోకులు నాకెందుకు?

అనంతపురంలో బయలుదేరే ముందు క్లబ్బు పెద్దాయన లెక్క వేశాడు. గార్లదిన్నె దగ్గర మేము దాటేదాకా అడ్డంగా వచ్చే బండ్లను ఆపాలి కాబట్టి, వరుస పొడవెంతో పోలీసులు అడిగారట. ముప్పై కార్లు, కారు నాలుగు మీటర్లు, కారుకూ కారుకూ నడుమ ముప్పై మీటర్ల ఎడం. అంతా కలిపితే కిలోమీటరుకు పది మీటర్లు తక్కువ. లెక్క భేషుగ్గానే ఉంది. మా టాక్సీ మెల్లగా పోతుందని దాన్ని మాత్రం చిట్టచివర పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. నాయన పక్కనున్నాడని నోరు మూసుకున్నాను.

ఊరు దాటగానే ముందువాళ్లు తుర్రుమన్నారు. మేము గార్లదిన్నె చేరేసరికి, వరుస అయిపోయిందనుకుని పోలీసులు దారి వదిలేశారు. మా ముందు చెనిక్కాయల ట్రాక్టరు, దాని ముందు గొర్రెల మంద. కనుచూపు మేరలో మా వాళ్ల కారు ఒక్కటీ లేదు. నాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ను అట్లా చూడలేకపోయాను.

టీ కోసం ఆగినచోట పెద్దాయన మా మీద విసుక్కున్నాడు. కిలోమీటరు వరుస కాస్తా మూడు కిలోమీటర్లయిందట, పోలీసులతో మాట పడాల్సి వచ్చిందట. ఇక్కడి నుంచి మీరు విడిగా రండి అన్నాడు. నేను పోట్లాటకు దిగేలోపే నాయన అందుకున్నాడు.

"చెనిక్కాయల బండ్లు మండీకి తోలేటప్పుడు మేము కుంటెద్దు బండిని ముందర పెట్టేటోల్లమప్పా. ఎనక పెడితే అది యాడ నిలబడిపోయిందో ముందరోనికి తెలీదు."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. కొందరు నవ్వారు. చివరికి సరే, ఒకసారి చూద్దాం అన్నాడు.

అట్లా మా టాక్సీ ముందుకొచ్చింది. నలభై దాటకుండా నడిపాను. వేగం తగ్గేసరికి కార్ల నడుమ ఎడమూ తగ్గింది. నాయన చెయ్యి చాచి లోపలి అద్దాన్ని తనవైపు తిప్పుకున్నాడు. ఆయనకు అందులో ఏం కనిపించిందో నాకు తెలియదు.

"ఎంత పొడుగుండాది పాపా?"

మిట్ట ఎక్కుతూ పక్క అద్దంలో చూశాను. చివరి కారు దాకా కనిపించింది. అర కిలోమీటరు కూడా లేదు నాయనా అన్నాను.

"అట్లయితే అందరూ ఉండారు," అని సీటుకు చేరగిలబడ్డాడు. గుత్తి వచ్చేదాకా ఆయన ముఖంలో నవ్వు పోలేదు. నాకు మాత్రం కళ్లు మసకబారుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ పక్క సీటు ఖాళీ. క్లబ్బు ఎక్కడికి పోయినా ముందు బండి మాదే. లోపలి అద్దం ఇంకా ఆయన వైపే తిరిగి ఉంది. సరిచేసుకోమ్మా అని పెద్దాయన ప్రతిసారీ చెబుతాడు. చెయ్యను పో.